గూడు బండిలో కొండ పైకి

(దసరా సెలవుల్లో మా ఊరి గ్రంథాలయంలో ఒక విశ్రాంత సోషల్ మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

అమెరికా వెళ్లొచ్చారు కదా మాస్టారూ, ఏం చూశారో చెప్పండని గ్రంథాలయం పిల్లలు పట్టుబట్టారు. చూసినవన్నీ చెప్పను. పెద్ద పెద్ద భవనాలూ, జలపాతాలూ మీరు ఫోన్లలో చూసే ఉంటారు. నేను ఒక్క సాయంత్రం గురించి చెబుతాను. ఒక బండి గురించి, ఒక భోజనం గురించి. అంతే.

బండి గురించే ఎందుకంటారా? మీలో పెద్దవాళ్లకి మా నాన్న గుర్తుండే ఉంటాడు. బండ్లు చేసేవాడు. ఈ చుట్టుపక్కల పది ఊళ్లలో తిరిగిన ఎద్దుబండ్ల చక్రాలు చాలావరకు మా ఇంటి ముందు వేపచెట్టు కింద తయారైనవే. నేను చదువుకుని మాస్టారునయ్యాను. కానీ ఏ ఊరెళ్లినా బండి కనపడితే ముందు నా చూపు పోయేది చక్రం మీదకే. ఆ అలవాటు పోలేదు, పోదు కూడా.

మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. జులైలో నాలుగు రోజులు సెలవు పెట్టి, కారులో వయోమింగ్ రాష్ట్రం తిప్పాడు. చివరి మజిలీ జాక్సన్ అనే ఊరు. ఆ ఊరే 6,200 అడుగుల ఎత్తున ఉంటుంది. దగ్గర్లోనే టీటన్ కొండలు, వాటిలో పెద్ద శిఖరం గ్రాండ్ టీటన్ ఎత్తు 13,775 అడుగులు. జులైలో కూడా మంచు చారలు కనపడతాయి. అక్కడ సాయంత్రం పూట జనాన్ని గుర్రపు బండ్లలో ఎక్కించుకుని, ఒక లోయ వెంట అడవిలోకి తీసుకెళ్లి, నిప్పుల మీద వండి భోజనం పెడతారు. కౌబాయ్ భోజనం అంటారు దాన్ని. మనకి వనభోజనం లేదూ? అలాంటిదే అనుకోండి. బండి మీద తెల్లటి మందపాటి గుడ్డతో గూడు. అచ్చంగా గూడు బండే! మా కోడలు టికెట్లు తీసి, “మావయ్యా, ఇది మీ కోసమే” అంది.

అందరూ ఎక్కుతున్నారు. నేను మాత్రం కిందికి వంగి చక్రం చూశాను.

రబ్బరు టైర్లు.

మనసు చివుక్కుమంది. నిజం చెబుతున్నాను, ఎక్కకుండా వెనక్కి వెళ్లిపోదామనిపించింది. అంతలో మన సంగతి గుర్తొచ్చింది. మన దగ్గర డన్‌లప్ బండ్లు రాలేదూ? చెక్క చక్రం పోయి రబ్బరు టైరు వచ్చినప్పుడు ఎద్దుకి బరువు తగ్గింది. మా నాన్నకి పనీ తగ్గింది. రెండూ నిజమే. ఏ ఒక్కటీ కాదనలేను. అందుకని ఆ టైర్ల పైన ఏముందో చూడటం మొదలుపెట్టాను. వంచిన చెక్క కమాన్లు, వాటి మీద గుడ్డ. ముందు పొడవాటి నొగ, దానికి అటో గుర్రం ఇటో గుర్రం. తోలుపట్టెలు, ఇనుప కొక్కేలు. ఇవన్నీ అసలైనవే. చేతులు తగిలి తగిలి నున్నబడ్డాయి. అద్దాల పెట్టెలో పెట్టిన బండి కాదది. ఎండాకాలం పొడుగునా జనాన్ని ఎక్కించుకుని కొండ ఎక్కుతూ దిగుతూ ఉన్న బండి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు చక్రం ఎలా చేస్తారో ఈ పిల్లలకి చెప్పాలి. పెద్దవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మీకు తెలిసిందే, వీళ్లకి తెలియదు.

నల్లతుమ్మ చెక్క. బాగా ఆరాలి, పచ్చి చెక్కతో చేస్తే రేపు అదే మోసం చేస్తుంది. మధ్యలో గుండ్రటి దిమ్మ. దాంట్లోకి పన్నెండు ఆకులు దిగ్గొట్టాలి. ఆకులంటే చెట్టు ఆకులు కాదురా, చక్రం మధ్య నుంచి అంచుకి వెళ్లే కర్రలు. ఆకుల చివర్లకి వంపు చెక్కలు ఆరు, ఒక్కోదానికి రెండేసి ఆకులు. ఇంతవరకూ వడ్రంగి పని. మేకు ఒక్కటీ ఉండదు. మరి ఇదంతా విడిపోకుండా ఎలా నిలుస్తుంది? ఎవరైనా చెప్పగలరా? ... అదీ! ఇనుప పట్టా. ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది.

ఆ పట్టాని చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువగా చేస్తాడు కమ్మరి. కావాలనే తక్కువ. పిడకలు గుండ్రంగా పేర్చి, మధ్యలో పట్టా పెట్టి, కాలబెట్టేవాళ్లు. ఎర్రబడ్డాక ఇనుము సాగుతుంది కదా. ముగ్గురు మనుషులు మూడు వైపులా పట్టకార్లతో ఎత్తి చక్రం మీద వేసేవాళ్లు. చెక్క అంటుకుని భగ్గున మంట. సమ్మెట దెబ్బలు. వెంటనే నీళ్లు. కుండలతో కుమ్మరించేవాళ్లం, ఆ నీళ్లు మోయడం మా పిల్లల పని. ఆవిరిలో ఎవరూ కనపడేవాళ్లు కాదు. ఆ ఆవిరిలోంచి ఒక చప్పుడు వచ్చేది, చెక్క కిర్రున మూలిగేది. ఇనుము బిగుసుకుంటూ ఆకులన్నిటినీ లోపలికి నొక్కుతుంటే వచ్చే చప్పుడు అది. మా నాన్న ఆ చప్పుడు కోసం చెవి పెట్టేవాడు. అది వినపడితే “ఇంక పర్లేదు” అనేవాడు. వినపడకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు ఆయనకి.

జాక్సన్‌కి రెండు రోజుల ముందు క్యాస్పర్ అనే ఊళ్లో పాత బాటల మ్యూజియం ఒకటి చూశాం. అక్కడ చెక్క చక్రాల బండి ఉంది. ఆకులు ఓక్ చెక్కతో చేసేవాళ్లు, అంచు యాష్ చెక్క. పట్టా ఎక్కించే పద్ధతి మాత్రం అదే. కాల్చడం, వెయ్యడం, నీళ్లు పొయ్యడం. మా వేపచెట్టు ఎక్కడ, ఆ వయోమింగ్ ఎక్కడ! ఆ చక్రం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మా అబ్బాయి వచ్చి, “నాన్నా, వెళ్దామా” అని భుజం మీద చెయ్యి వేసేదాకా నాకు తెలియలేదు.

ఆ బండ్లు ఎక్కడివి, ఎటు పోయాయి? అది చెప్పకుండా భోజనం దగ్గరికి వెళ్తే కథ సగమే చెప్పినట్టవుతుంది.

1840ల నుంచి 1869లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి రైలు పట్టాలు కలిసేదాకా, అమెరికాలో తూర్పు వైపు నుంచి పడమరకి జనం బండ్లు కట్టుకుని వలస వెళ్లారు. మిస్సోరీ నది దగ్గర బయల్దేరి పడమటి తీరంలోని ఆరెగాన్ దాకా 2,000 మైళ్ల పైన. అంటే 3,200 కిలోమీటర్లు. అయిదు నెలల ప్రయాణం. మొత్తం నాలుగు లక్షల మంది దాకా వెళ్లి ఉంటారని అంచనా. సినిమాల్లో ఏం చూపిస్తారు? కుటుంబమంతా బండిలో కూర్చుని పాటలు పాడుకుంటూ వెళ్తుంటారు. కాదండీ. నడిచారు! బండి తొట్టె నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. అందులో ఒక టన్ను సామాను. మనిషికి 200 పౌన్ల పిండి, అంటే మన తొంభై కిలోలు, పట్టుకెళ్లాలని ఆ రోజుల్లో చెప్పేవాళ్లు. ఇంక మనుషులకి చోటెక్కడ? పైగా స్ప్రింగులు లేవు. పసివాళ్లూ, జబ్బుపడ్డవాళ్లూ తప్ప అందరూ నడకే. పాల మీగడ బాల్చీలో పోసి బండికి వేలాడదీస్తే ఆ కుదుపులకి సాయంత్రానికి వెన్న తేలిపోయేదట. మరి అలాంటి బండిలో ఎవరు కూర్చుంటారు?

లాగినవి ఏవి? గుర్రాలనుకుంటున్నారా? ఎక్కువగా ఎద్దులే. గుర్రం ఖరీదు ఎక్కువ, దానికి మంచి మేత కావాలి. ఎద్దు దొరికిన గడ్డి తిని లాగుతుంది. రోజుకి పదిహేను మైళ్లు. ఇరుసు వెనక ఒక చిన్న బాల్చీ వేలాడుతుండేది. ఏముంటుంది దాంట్లో? కందెన. దేవదారు జిగురు తారు, జంతువుల కొవ్వు కలిపి చేసిన కందెన. మనం ఆముదం మడ్డి వాడాం, వాళ్లు అది వాడారు. ఎండు ప్రాంతాల్లోకి వచ్చేసరికి చెక్క కుంచించుకుపోయి పట్టాలు ఊడిపోయేవి. అప్పుడేం చేశారు? రాత్రిపూట చక్రాలు తీసి వాగులో నానబెట్టారు. ఏం బాబాయ్, మీరు నవ్వుతున్నారు? మీ బండి చక్రాలు ఎండాకాలంలో చెరువులో పడేసేవాళ్లు కదూ? అదే కిటుకు.

ఇంకొక్కటి చెబుతాను. ఆ మైదానాల్లో చెట్టు ఉండదు. వంటకి కట్టెలెక్కడివి? అడవిదున్నల పేడ ఎండి పడి ఉండేది, దాన్ని ఏరుకొచ్చి వంట చేసుకున్నారు. పిడకలే కదండీ! దొరల దేశంలో పిడకల మీద వంట అంటే మొదట ముక్కు మూసుకున్న ఆడవాళ్లే, వారం తిరిగేసరికి కొంగు నిండా ఏరుకున్నారట.

గర్న్‌సీ అనే చిన్న ఊరి దగ్గర ఒక చోటుంది. ఇసుకరాతి గుట్ట. వేల బండ్లు ఆ ఒక్క చోటు మీదుగానే ఎక్కాల్సి వచ్చింది. ఆ చక్రాలు, ఆ కాళ్లు కలిసి రాతిని అరగదీసేశాయి. కొన్నిచోట్ల అయిదడుగుల లోతు. ఆ గాడిలో దిగి నిలబడితే రాయి నా భుజాల దాకా వచ్చింది. ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. మా నాన్న ఉంటే ఏమనేవాడా అనుకున్నాను. “ఎన్ని పట్టాలు అరిగిపోయాయో” అనేవాడేమో.

సరే, మళ్లీ జాక్సన్ బండి ఎక్కుదాం.

మా బండి తోలింది ఒక ఆడపిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి. కాలేజీలో చదువుతూ ఎండాకాలం ఈ పని చేస్తుందట. గుర్రాలు రెండూ బరువు లాగే జాతివి, ఒక్కోటి ఎనిమిది వందల కిలోల పైమాటే, గిట్ట మన అన్నం పళ్లెమంత. ఆ పిల్ల దారి పొడుగునా వాటితో మాట్లాడుతూనే ఉంది. కుడికి తిరగడానికి ‘జీ’, ఎడమకి ‘హా’. మనకి దాపల ఎద్దు, వలపల ఎద్దు ఉన్నట్టే వాళ్లకీ ఎడమ గుర్రానికో పేరు, కుడి గుర్రానికో పేరు. ఎడమ గుర్రం కాస్త బద్ధకమట, దాన్ని పేరుపెట్టి పిలిస్తే తప్ప పట్టీ బిగుసుకోదు. కొరడా చేతిలో ఉంది కానీ ఒక్కసారి కూడా కొట్టలేదు. “ఎలా నేర్చుకున్నావమ్మా?” అని అడిగాను. మొదటి నెలంతా బండి ఎక్కనివ్వలేదట. గుర్రాలకి మేత వెయ్యడం, గిట్టలు శుభ్రం చెయ్యడం, తోలుపట్టెలకి నూనె రాయడం. రెండో నెల ఖాళీ బండి. ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించారట. మా నాన్న నాకు బాడిస ఇవ్వడానికి ముందు ఏడాది పాటు చితుకులు ఏరించాడు. అందుకే ఆ పిల్ల చెప్పింది నాకు వెంటనే అర్థమైంది.

లోయ సన్నగా ఉంటుంది. పక్కన వాగు. ఆస్పెన్ అని ఒక చెట్టు, తెల్లటి బెరడు. దాని ఆకు అచ్చం మన రావాకులా చిన్న గాలికే గలగలలాడుతుంది. దారి మధ్యలో వాన పట్టుకుంది. ఆ కొండల్లో ఎండాకాలం సాయంత్రాలు అంతే, ఉన్నట్టుండి ముసురుతుంది. పైన గుడ్డే కదా, తడిసిపోతామని పిల్లలు గోల. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి గట్టిగా ఒకటే మాట చెప్పింది, “గుడ్డని ఎవరూ ముట్టుకోకండి” అని. ఎందుకో తెలుసా? గట్టిగా నేసిన గుడ్డ తడిస్తే పోగులు ఉబ్బుతాయి, నీళ్లు సందుల్లో నిలిచిపోయి పైనుంచే జారిపోతాయి. లోపల్నుంచి వేలు తగిలిందా, తగిలిన చోట ధార మొదలవుతుంది. మా ముందు కూర్చున్న ఒక బాబు, ఎనిమిదేళ్లుంటాయి, వద్దన్నాక ముట్టుకోకుండా ఉంటాడా? వేలు పెట్టాడు. వాళ్ల అమ్మ ఒళ్లో టపటపా పడ్డాయి. అందరం నవ్వాం. ఆ వలసవాళ్లు మాత్రం ఆ గుడ్డకి అవిసెనూనె పట్టించి, దాని కింద అయిదు నెలల తిండి దాచుకున్నారు. పిండి తడిస్తే వాళ్ల బతుకు ఏమయ్యేది?

పైకి చేరేసరికి వాన వెలిసింది. ఇంక భోజనం సంగతి.

నల్లటి ఇనుప కుండలు, మందంగా, మూడు కాళ్లు. మూత చదునుగా ఉండి చుట్టూ గట్టు ఉంటుంది. ఆ గట్టు దేనికి? నిప్పులు జారిపోకుండా. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. డచ్ ఓవెన్ అంటారు దాన్ని. అమ్మలందరికీ ఈపాటికి అర్థమై ఉంటుంది. దిబ్బరొట్టె! మా అమ్మ మినపరొట్టె వేసేటప్పుడు ఇత్తడి గిన్నె మీద మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేది కదా? ఆ పెద్దాయన, వంటాయన, అలాగే మూత నిండా నిప్పులు పరిచాడు. అడుగున తక్కువ, పైన ఎక్కువ. లేకపోతే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుందన్నాడు. నేను మా అమ్మ రొట్టె గురించి చెప్పాను. మా అబ్బాయి ఇంగ్లీషులో సరిచేసి చెప్పాడు. ఆయన చేతిలో కొక్కెం ఉంది, దాంతో మూత కొంచెం ఎత్తి, “వాసన చూడు” అన్నట్టు సైగ చేశాడు. లోపల పీచ్ పళ్లు, పైన పిండి పొర పొంగి ఎర్రగా వేగింది. అంచుల్లో రసం బుడబుడలాడుతోంది. చెబుతుంటే ఇప్పుడు కూడా ఆ వాసన తగులుతోంది నాకు.

మొక్కజొన్న రొట్టె, బంగాళాదుంపలు, కాల్చిన కోడి, గొడ్డుమాంసం, చిక్కుడు గింజల కూర. వెళ్లబోయేవాళ్లకి ఒక మాట. ఆ గింజల కూర చూసి శాకాహారమే కదా అనుకుని వడ్డించుకోకండి. పంది మాంసం ముక్కలు వేసి ఉడకబెట్టడం వాళ్ల పద్ధతి. మా కోడలు ముందే ఫోన్ చేసి చెప్పింది కాబట్టి నాకు వేరే గిన్నెలో వండి పెట్టారు. ముందే చెబితే ఆదరంగా చేస్తారు, అక్కడికెళ్లి చెబితే ఇబ్బంది. కాఫీ మాత్రం అందరిదీ ఒకటే. పెద్ద పాత్రలో పొడి అలాగే వేసి మరిగించి, దించాక ఒక లోటా చన్నీళ్లు పోస్తారు. మడ్డి అడుక్కి దిగుతుంది. వడకట్టడం లేదు. మనవాళ్లకి చేదనిపిస్తుంది, నాకు ఆ చలిలో అమృతంలా ఉంది.

ఈ కౌబాయ్ వంటకి ఒక చరిత్ర ఉంది. కౌబాయ్ అంటే మన తెలుగు సినిమాల్లో కూడా టోపీ, తుపాకీ, గుర్రం. అసలు అతనెవరు? పశువుల కాపరి. నెలజీతగాడు. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక టెక్సాస్‌లో పశువులు లక్షల్లో ఉన్నాయి, కొనేవాళ్లు ఉత్తరాన ఉన్నారు. రెండు మూడు వేల పశువుల మందని పది పన్నెండు మంది నెలల తరబడి తోలుకెళ్లాలి. వాళ్లలో నల్లవాళ్లు, మెక్సికో వాళ్లు చాలామంది. సినిమాలు వాళ్లని చూపించలేదు. తాడు విసరడం, ఆ జీను, ఆ మాటలు, చాలావరకు మెక్సికో కాపరుల దగ్గర నేర్చుకున్నవే. మరి వాళ్లకి తిండి? 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల యజమాని, సైన్యం వాడి వదిలేసిన బండి ఒకటి కొని, దాని వెనక అరల పెట్టె బిగించాడు. పిండికి ఒక అర, కాఫీకి ఒక అర, ఉప్పుకి, మందులకి, సూదీదారానికి. తలుపు కిందికి వాలిస్తే అదే వంటబల్ల. మన పోపులపెట్టెని బీరువా అంత చేసి బండికి తగిలించినట్టు! చక్‌వాగన్ అన్నారు దాన్ని.

ఆ బండి దగ్గర వంటాయన మాటే శాసనం. కాపరుల కంటే ఆయనకి జీతం ఎక్కువ. గాలి వీచే వైపు నుంచి గుర్రం తోలుకొస్తే ఊరుకోడు, దుమ్ము గిన్నెలో పడుతుంది కదా. పులిసిన పిండి జాడీ ఒకటి ప్రాణంలా చూసుకునేవాడు. చలి రాత్రుల్లో దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకునేవాడట, పులుపు చచ్చిపోకుండా. మన ఇళ్లలో చలికాలం దోసెల పిండి పొయ్యి పక్కన పెట్టమూ? నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటుంది. రాత్రి పడుకునే ముందు వంటాయన బండి నొగని ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టేవాడు. పొద్దున్న మబ్బు పట్టినా, పొగమంచున్నా, ఉత్తరం ఎటో నొగ చెబుతుంది. ఎంత గొప్ప ఆలోచన! ఇంతా చేస్తే ఇదంతా ఇరవయ్యేళ్ల ముచ్చట. 1874లో ముళ్లతీగకి పేటెంటు వచ్చింది, బయళ్లకి కంచెలు పడ్డాయి, రైళ్లు దగ్గరికొచ్చాయి. 1886-87 చలికాలంలో మంచుకి మందలకి మందలు చచ్చిపోయాయి. అక్కడితో ఆ పద్ధతి ముగిసిపోయినట్టే.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. అది కూడా చెప్పాలి. భోజనం అయ్యి తిరిగొస్తుంటే, ఇద్దరు కుర్రాళ్లు ఈకలు పెట్టుకుని గుర్రాల మీద కేకలేస్తూ బండ్ల చుట్టూ తిరిగారు. రెడ్ ఇండియన్లు దాడి చేసినట్టు ఆట. పిల్లలు కేరింతలు కొట్టారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ముందు రోజే మేము విండ్ రివర్ రిజర్వేషన్ మీదుగా వచ్చాం. షోషోనీలు, అరాపహోలు అనే స్థానిక జాతుల వాళ్లకి కేటాయించిన నేల అది. షోషోనీల పెద్ద వాషకీ పేరుతో అక్కడ ఊరే ఉంది. 1868లో ఒప్పందం రాసుకుని ఆ నేల ఆయన జనానికి ఇచ్చారు. అంతకు ముందు వాళ్లు తిరిగిన నేలలో అది చిన్న ముక్క. చరిత్రకారులు లెక్కలు తీశారు. 1840 నుంచి 1860 దాకా ఆ బాటల మీద స్థానిక జాతుల చేతుల్లో చనిపోయిన వలసవాళ్లు 362 మంది. వలసవాళ్ల చేతుల్లో చనిపోయిన స్థానికులు 426 మంది. మరి వేలల్లో చనిపోయినవాళ్లు దేనివల్ల? కలరా. నదులు దాటుతూ మునిగి. చక్రం కింద పడి. చాలాచోట్ల ఆ జాతుల వాళ్లే దారి చూపారు, ఏర్లు దాటించారు, తిండి అమ్మారు. వాళ్ల అడవిదున్నల్ని మాత్రం మిగల్చలేదు. 1902 నాటికి యెల్లోస్టోన్ అడవిలో పాతిక కూడా లేవు. సోషల్ మాస్టారుగా ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ ఈకల ఆట చూసి ఊరుకోలేకపోయాను. దిగాక ఆ అమ్మాయితో చెప్పాను. ఆమె తల వంచుకుని, “నాకూ అది ఇష్టం లేదు” అంది. అంత మంచి బండిని నడిపే చేతులకి ఆ ఆటతో పనేముంది, మీరే చెప్పండి?

వంటాయన దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఇది మన జిల్లా వాళ్లు వినాల్సింది. ఆయన సొంతూరు టెక్సాస్. చిన్నప్పుడు వాళ్ల నాన్న బ్రాహ్మన్ జాతి పశువులు పెంచేవాడట. మూపురం ఉంటుంది, ఎండకి తట్టుకుంటుంది, జబ్బులు రావు అని చేత్తో మూపురం ఆకారం చూపించాడు. నేను ఫోన్ తీసి, సంక్రాంతికి మన బండలాగుడు పందేల్లో తీసిన ఒంగోలు గిత్త ఫోటో చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అమెరికా బ్రాహ్మన్ జాతి ఎలా పుట్టిందో తెలుసా మీకు? గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ, నెల్లూరు అనే నాలుగు భారతీయ జాతుల్ని కలిపి తయారుచేశారు. నెల్లూరు అని వాళ్లు రాసుకున్నది మన ఒంగోలునే. బ్రెజిల్‌లో అయితే ఇప్పటికీ నెలోరే అనే పేరు. వాళ్లు మాంసం కోసం పెంచుతారు, ఆ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. అయినా ఆ కొండ మీద, ఆ నిప్పుల పక్కన, ఒక టెక్సాస్ ముసలాయనా నేనూ ఒకే మూపురం గురించి మాట్లాడుకున్నాం. అది నాకు చిన్న విషయం కాదు.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను కదా. నడిచే బండి, అద్దాల వెనక బండి. క్యాస్పర్ మ్యూజియంలో బండి అందంగా ఉంది. కానీ దాని పట్టా వదులైతే ఎవరికి తెలుస్తుంది? జాక్సన్ బండికి తోలుపట్టె తెగితే ఆ సాయంత్రమే కుట్టాలి. కాబట్టి కుట్టేవాడు అక్కడ ఉన్నాడు. నాడా కొట్టేవాడు ఉన్నాడు. మూత మీద నిప్పులు ఎన్ని పొయ్యాలో తెలిసినవాడు ఉన్నాడు. ఇరవై రెండేళ్ల పిల్లకి పని నేర్పేవాళ్లు ఉన్నారు. టికెట్టు డబ్బుల కోసమే కావచ్చు, కానీ ఉన్నారు. మన దగ్గర? మా నాన్న పోయాక మా ఊళ్లో పట్టా ఎక్కించినవాళ్లు లేరు. నేను నేర్చుకోలేదు. ఆ బాధ నాకుంది. అందుకే ఈ పూట మీ ముందు నిలబడ్డాను.

బాబాయ్, మీ పశువులశాలలో గూడు బండి ఉంది కదా? అత్తయ్య కాపురానికి వచ్చిన బండి. మొన్న వచ్చి చూశాను. గూడు వెదురు బద్దలు బాగానే ఉన్నాయి, చాప మార్చాలి. ఇరుసు గట్టిది. ఎడమ చక్రానికి రెండు ఆకులు విరిగాయి, పట్టా వదులైంది. పక్క ఊళ్లో ఒక వడ్రంగి ఉన్నాడు, మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, డెబ్బై దాటాయి. అడిగాను. “సామాను చూపిస్తే చేస్తా మాస్టారూ, నీళ్లు మోసే పిల్లలు కావాలి” అన్నాడు. ఇంకో నెలలో కార్తీక వనభోజనాలు. చెరువు గట్టు మీద ఉసిరిచెట్టు కిందికి ఈసారి ఆటోల్లో కాకుండా ఆ బండిలో సామాను వేసుకెళ్దాం. మనం నడుద్దాం. అమ్మలు ఒప్పుకుంటే పైన నిప్పు, కింద నిప్పు పోసి దిబ్బరొట్టె వేద్దాం. బాబాయ్ తలూపుతున్నారు, చాలు.

ఇదిగో, ఇది మా నాన్న బాడిస. పిడి ఆయనే వేసుకున్నది. ఇటు నుంచి అందరికీ చేతులు మారనివ్వండి. పదునుగా ఉంది పిల్లలూ, పిడి దగ్గర పట్టుకోండి, బరువు చూడండి. ఆదివారం పొద్దున్న ఆరింటికి బాబాయ్ వాళ్ల పశువులశాల దగ్గర చక్రం విప్పుతాం. నీళ్లు మొయ్యడానికి ఎవరెవరొస్తారు?